కృపకు వెల కట్టవద్దు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

గత నెలలో మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు, క్రైస్తవులు చేసే సేవ అంతా మతంలోకి రప్పించుకోవడానికి వేసే ఎర మాత్రమేనని రాశారు. ఆ ఉత్తరం అచ్చయిన వారం రోజులకు జిల్లా కేంద్రంలో జరిగిన ఒక ఉజ్జీవ కూడికకు (విశ్వాసాన్ని రగిలించడానికి పెట్టే క్రైస్తవ సభకు) నేను బంధువులతో కలిసి వెళ్లాను. ఆ రాత్రి వేదిక మీది ప్రసంగీకుడు, మీరు ఇప్పుడు వేసే కానుక విత్తనమనీ, అది నూరంతలుగా పండి మీ ఇంటికి తిరిగి వస్తుందనీ, అప్పులు తీరుతాయనీ, ఆగిపోయిన పెళ్లిళ్లు జరుగుతాయనీ గంటసేపు చెప్పారు. ఈ రెండు మాటలు అన్నవారికి ఒకరితో ఒకరికి ఏ పొత్తూ లేదు. ఒకరు మా విశ్వాసాన్ని అనుమానించేవారు, మరొకరు దాన్ని ప్రకటించేవారు. అయినా ఇద్దరి మాటల అడుగున ఉన్న అభిప్రాయం ఒకటే: క్రైస్తవంలో ప్రేమ అంటే ఏదో ఒకటి రాబట్టుకోవడానికి పెట్టే పెట్టుబడి. ఒకరి లెక్కలో ఆ రాబడి మనుషులు, మరొకరి లెక్కలో డబ్బు. సిలువ దగ్గర మొదలైన విశ్వాసానికి ఈ అభిప్రాయం నేరుగా విరుద్ధమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రాత్రి నా ముందు వరుసలో ఒక తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. మాటల్లో తెలిసింది, వారిది అచ్చంపేట వైపు పల్లె. ఏడాదిలో ఎక్కువ నెలలు బొంబాయిలో కట్టడం పనికి పోయి వచ్చే కుటుంబం. కానుకల సంచి తమ వరుసలోకి వచ్చే లోపల ఆ తల్లి చెవి కమ్మలు తీయడం మొదలుపెట్టింది. ఎడమ చెవిది తేలిగ్గా వచ్చింది. కుడి చెవి సీల బిగుసుకుపోయి రాలేదు. కూతురు వేలు తడిచేసుకుని, దీపాల వెలుతురు పడేటట్టు తల్లి ముఖం పక్కకు తిప్పి, మెల్లమెల్లగా ఆ సీలను ఊడదీసింది. రెండు కమ్మలూ ఒక కాగితంలో చుట్టి సంచిలో వేసి, ఆ తల్లి కళ్లు మూసుకుంది. ఆమె భక్తిని నేను ఎంతమాత్రం శంకించను. యెరూషలేము దేవాలయంలో రెండు కాసులు వేసిన పేద విధవరాలిని ప్రభువు మెచ్చుకున్న సంగతి నాకు తెలుసు. కానీ ఆ విధవరాలికి, ఈ రెండు కాసులు వేస్తే రేపు రెండు వందలు వస్తాయని ఎవరూ చెప్పలేదు. ఈ తల్లికి చెప్పారు. అక్కడే నా మనసు కలుక్కుమన్నది.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి, దేవరకొండలో స్థిరపడినవాణ్ణి. మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు సంఘ సభ్యుణ్ణి. వేదాంతం చదువుకున్న పండితుణ్ణి కాను. అయితే జీవితమంతా మాటలతో గడిపినవాణ్ణి గనుక, ముందుగా ప్రేమ అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. కొత్త నిబంధన గ్రీకు భాషలో రాశారు. ఆ భాషలో ప్రేమకు ఒకటి కాదు, నాలుగు మాటలున్నాయి. స్త్రీ పురుషుల మధ్య ఆకర్షణకు ఒకటి, స్నేహానికి ఒకటి, తల్లి పిల్లల మధ్య సహజంగా పుట్టే వాత్సల్యానికి ఒకటి. నాలుగోది అగాపే. అపొస్తలుల (క్రీస్తు తొలి ప్రచారకుల) కాలానికి ఆ నామవాచకం అంత ప్రచారంలో ఉన్న మాట కాదు. ఆకర్షణను చెప్పే ఎరోస్ అనే మాటను కొత్త నిబంధన ఒక్కచోట కూడా వాడలేదు. అంతగా వాడుకలో లేని అగాపేని తీసుకుని, అందులో సిలువ అర్థాన్ని నింపింది. ఎదుటివారి యోగ్యతను చూసి పుట్టనిది, తిరిగి వస్తుందని ఎదురుచూడనిది, ఎదుటివారి మేలే తన పని అనుకునేది ఆ ప్రేమ. తెలుగులో మనం సాధారణంగా ఆప్యాయతకు మమకారం అంటాం. ఆ మాటను విడదీసి చూడండి: ‘మమ’ అంటే నాది. నా బిడ్డ, నా ఊరు, నా కులం, నా సంఘం. మమకారం చెడ్డదని నేను అనడం లేదు, అది లేకపోతే సంసారాలు నిలవవు. కానీ నాది అన్నచోట ఆగిపోయేదాన్ని సువార్త ప్రేమ అని పిలవదు. మిమ్మల్ని ప్రేమించేవారినే ప్రేమిస్తే మీకేమి ఫలం, సుంకరులు (పన్ను వసూలుదారులు) కూడా అలాగే చేస్తున్నారు కదా అని ప్రభువు కొండమీది ప్రసంగంలో సూటిగానే అడిగారు.

రక్షణ అనే మాటకు ఈ ప్రేమే మూలం. అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రికలో, ‘మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను’ అంటాడు. ఆ వాక్యంలో నన్ను ఎప్పుడూ నిలబెట్టేసే మాట ‘ఇంకను’. బాగుపడిన తరువాత కాదు, మొక్కుబడి చెల్లించిన తరువాత కాదు, కనీసం క్షమాపణ అడిగిన తరువాత కూడా కాదు. మనవైపు నుంచి ఏమీ రాకముందే దేవుని వైపు నుంచి అంతా వచ్చేసింది.

తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని మా సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అందులో సాధారణంగా గమనించని ఒక చిన్న సంగతి ఉంది. ఆస్తిలో తన వాటా తీసుకుపోయి పాడుచేసుకున్న చిన్న కొడుకు పందుల దగ్గర కూర్చుని, తండ్రితో ఏమనాలో ముందే కూడబలుక్కుంటాడు: నేను నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో. ఇంటికి వచ్చాక ఆ మాటల్లో మొదటి సగమే అంటాడు. కూలివాని సంగతి అతని నోటి నుంచి రాకముందే తండ్రి ప్రశస్తమైన వస్త్రం తెమ్మని, వేలికి ఉంగరం పెట్టమని పనివారికి పురమాయిస్తాడు. బయట నిలబడ్డ పెద్ద కొడుకు కూడా మాట్లాడేది కూలి భాషే: ఇన్నేళ్లు నీకు సేవ చేశాను, నాకు ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా? ఇద్దరు కొడుకులూ, ఒకడు దిగజారి, ఒకడు నిక్కి, తండ్రి ఇంటిని కూలి దొరికే చోటుగానే ఊహించుకున్నారు. మా పక్కనున్న పాలమూరు మనిషికి కూలి అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. మేస్త్రీ దగ్గర ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంటి ముఖం చూడనివారు ఈ గడ్డ మీద ఇప్పటికీ ఉన్నారు. అలాంటివారికి సువార్త చెప్పే కబురు ఒకటే, ఇక్కడ నీవు కూలివి కావు, బిడ్డవు. ఆ కబురు చెప్పవలసిన వేదిక మీద నుంచే, అడ్వాన్సు కట్టు, రేపు కూలి వస్తుంది అని చెబితే ఆ మనిషి ఇంక ఎక్కడికి పోవాలి?

ఈ మాట ఎవరినో వేలెత్తి చూపడానికి అనడం లేదు. నేను ఆ తప్పు చేసినవాణ్ణి. మా పెద్దబ్బాయి ఉద్యోగ పరీక్షలు రాస్తున్న రోజుల్లో, ప్రభుత్వ ఉద్యోగం వస్తే సంఘానికి పదివేల రూపాయలు ఇస్తానని మొక్కుకున్నాను. అంతకు ముందు పన్నెండేళ్లుగా ఇచ్చిన దశమభాగాలను (ఆదాయంలో పదో వంతు కానుకలను) నెలవారీగా ఒక నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు కూడా నాకు ఉండేది. రెండుసార్లు పరీక్ష తప్పిన తరువాత ఆ పుస్తకం తీసి, మొత్తం కూడి, ఆ అంకెను ప్రార్థనలో దేవునికి చదివి వినిపించాను. ఆ తరువాత నాలుగు నెలలు మందిరం గడప తొక్కలేదు. ఒకనాడు నా భార్య అన్నది: ‘మీరు దేవునికి అడ్వాన్సు ఇచ్చినట్టు మాట్లాడుతుండ్రు. పని చేసిపెట్టకపోతే వాపసు అడుగుతరా?’ ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. పన్నెండేళ్లు నేను ఇచ్చింది కానుక కాదని, నా కొడుకు భవిష్యత్తుకు కట్టిన కిస్తులని ఆ రోజు అర్థమైంది. ఆ పుస్తకంలో మళ్లీ రాయలేదు.

విత్తనం మాట లేఖనంలోనే ఉంది కదా అని కొందరు సోదరులు అంటారు. ఉన్నది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ‘కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును’ అని పౌలు రాశాడు. కానీ ఏ సందర్భంలో రాశాడో ముందు అధ్యాయం నుంచి చదివితే తెలుస్తుంది. యెరూషలేములో పేదరికంలో ఉన్న విశ్వాసుల కోసం దూరప్రాంతాల సంఘాలు చందా పోగుచేస్తున్నాయి. మాసిదోనియ సంఘాలవారు తామే నిరుపేదలై ఉండి కూడా తమ శక్తికి మించి ఇచ్చారు. ఆ డబ్బు పౌలు సొంతానికి కాదు. దాన్ని తీసుకుపోవడంలో ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని తనతో మరికొందరిని కూడా పంపే ఏర్పాటు చేశాడు. ఇచ్చినవారికి ఇళ్లూ వాహనాలూ వస్తాయని అతను ఆశ పెట్టలేదు. వారి ముందు ఉంచిన ప్రధాన కారణం, క్రీస్తు ధనవంతుడై ఉండి కూడా మీ నిమిత్తం దరిద్రుడయ్యాడు అన్నది. ఆకలిగొన్న పరాయివారి కోసం జరిగిన చందాలోని వాక్యాన్ని తెచ్చి, ఆకలిగొన్నవారి చేతనే చెవి కమ్మలు తీయించడానికి వాడటం లేఖనానికి చేసే అన్యాయం.

పైగా మా జిల్లా రైతు ముందు విత్తనాన్ని హామీ పత్రంలాగా చూపడం ఎంత సాహసం! పత్తి గింజ నాటినవాడికి తెలుసు, అది నకిలీదైతే మొలవదు, మొలిచినా వాన ముఖం చాటేస్తే ఎండుతుంది, కాయ పట్టినాక గులాబీ పురుగు లోపలి నుంచి తినేస్తుంది. ఆ అనుభవంతో బతికేవాడికి విత్తనం అంటే లాభం కాదు, చేతిలో ఉన్నదాన్ని మట్టికి అప్పగించి వెనక్కి తీసుకోలేకపోవడం. ప్రభువు తన గురించి చెప్పుకోవడానికి ఆ అర్థంలోనే విత్తనాన్ని ఎంచుకున్నారు. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో, సిలువ దగ్గరపడిన వేళ, గోధుమగింజ భూమిలోపడి చావకుండా ఉంటే ఒంటిగానే ఉంటుందని, చస్తే విస్తారంగా ఫలిస్తుందని అన్నారు. అక్కడ విత్తనం ఆయనే. పంట తినేవాళ్లం మనం. ఆ గింజ తన కోసం ఏమీ దాచుకోలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. రక్షణ ఉచితమైన కృప అయితే, ఇక మనం ప్రేమించవలసిన అవసరం ఏముంది? ప్రేమిస్తేనే రక్షణ అయితే, మళ్లీ అది కూలే కదా? ఈ తగువు చిన్నది కాదు. 1517 అక్టోబరు 31న జర్మన్ మతగురువు మార్టిన్ లూథర్ విటెన్‌బర్గ్‌లో 95 సిద్ధాంత వాక్యాలను ప్రకటించింది, పాపాల శిక్షకు డబ్బుతో మాఫీ పత్రాలు అమ్మడాన్ని ప్రశ్నిస్తూనే. దాని వెంట పశ్చిమ ఐరోపా క్రైస్తవ సంఘం కథోలిక, ప్రొటెస్టెంటు అని రెండుగా చీలింది. అదే అక్టోబరు 31న, 1999లో, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్యా, కథోలిక సంఘమూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక, కృప చేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ కృపే మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తుందని ఇరువురూ ఒప్పుకున్నారు. మా జిల్లాలో 1976 నుంచి కథోలిక మేత్రాసనం (బిషప్ పాలనలోని విభాగం) ఉన్నది, అంతకంటే పాతవైన బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాలూ ఉన్నాయి. ఈ ఒప్పందం గురించి రెండు వైపులా ప్రసంగాల్లో వినపడకపోవడం నాకు విచారంగా ఉంటుంది. నావంటి సామాన్యుడికి గలతీ పత్రికలోని మూడు మాటలు చాలు: ‘ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము’. మామిడి చెట్టు కాయలు కాసి మామిడి కాలేదు, మామిడి గనుక కాస్తుంది. కాయలకు దారం కట్టి వేప కొమ్మకు వేలాడదీస్తే అది మామిడి కాదు. అయితే ఏళ్లు గడిచినా కాయని చెట్టును చూసి యజమాని అనుమానించడంలో కూడా తప్పు లేదు. క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు పత్రిక చెప్పేది ఆ అనుమానమే.

నా జీవితంలో ఈ ప్రేమను దగ్గరగా చూసింది మందిరంలో కాదు. నేను మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో పనిచేస్తున్న కాలంలో, మా అద్దె ఇంటి ఎదురుగా ఒక స్త్రీ ఉండేది. ఆ ప్రాంతపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ అక్కడి మనుషుల ఎముకలకు ఏం చేసిందో మీ పాఠకులకు తెలుసు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి మా జిల్లా పేరే పెట్టవలసి వచ్చింది. ఆమెకు నలభై ఏళ్లకే నడుము వంగి బిగుసుకుపోయింది, మోకాళ్లు చాపితే మడవరాదు, మడిస్తే చాపరాదు, చేతులు భుజం దాటి పైకి లేవవు. తన తల తాను దువ్వుకోలేకపోయేది. రోజూ ఉదయం కూలికి పోయే ముందు ఆమె తోటికోడలు వచ్చేది. ఆ రెండు కుటుంబాలకూ పొలం పంపకం దగ్గర తగువు వచ్చి, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి అప్పటికే ఆరేడేళ్లయింది. ఆ తోటికోడళ్లు కూడా పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. వచ్చేది, రెండు చంకల కింద చేతులు వేసి లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టేది, నీళ్లు పోసేది, కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని తలకు రాసి, చిక్కులు ఒక్కొక్కటే విడదీసి జడ వేసేది. జడ చివర రిబ్బన్ కూడా కట్టేది. నడవలేని మనిషికి, ఎవరూ చూడని జడకు, రిబ్బన్. నేను ఒకసారి ఉండబట్టలేక, ఇంత తగువులో కూడా ఎందుకు చేస్తున్నావమ్మా అని అడిగాను. ‘ఎందుకేంది సారూ, ఆమెకు చెయ్యి లేస్తలేదు గద’ అన్నది. నా ప్రశ్నే ఆమెకు సరిగ్గా అర్థం కాలేదేమో అనిపించింది. ఎదుటి మనిషి చెయ్యి లేవకపోవడం తప్ప ఇంకో కారణం ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఆమె క్రైస్తవురాలు కాదు. పోచమ్మకు బోనం చేసే ఇల్లు. ఆమె రక్షణ గురించి తీర్పు చెప్పే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు, నేను చెప్పను. కానీ యోహాను తన మొదటి పత్రికలో ‘ప్రేమించు ప్రతివాడును దేవుని మూలముగా పుట్టినవాడై దేవుని ఎరుగును’ అని రాసినప్పుడు, ఆ ‘ప్రతివాడును’ అనే మాటను ఏ సంఘపు రిజిస్టరుకూ కుదించలేదు. మంచి సమరయుని ఉపమానంలో ప్రభువు చేసింది కూడా ఇదే. పొరుగువాడు ఎవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడి దృష్టిలో సమరయులు తప్పుడు చోట మొక్కేవారు, తప్పుడు విధంగా నమ్మేవారు. అలాంటివాణ్ణే తెచ్చి, దొంగలు కొట్టి పడేసినవాణ్ణి చూసి యాజకుడూ, గుడి సేవకుడైన లేవీయుడూ తప్పుకుపోయిన దారిలో నిలబెట్టి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోయించి, తన జంతువు మీద ఎక్కించి, పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టించారు. ఆ సమరయుడు గాయపడినవాడి పేరు అడగలేదు. కోలుకున్నాక మేము ఆరాధించే కొండ మీదికి వచ్చి మొక్కు అనలేదు. చివరికి, ఈ ముగ్గురిలో పొరుగువాడు ఎవడు అని ప్రభువు అడిగితే, ఆ ఉపదేశకుడికి ‘సమరయుడు’ అనే మాట నోట రాలేదు. అతని మీద జాలిపడినవాడే అన్నాడు. నేను ఆ తోటికోడలి గురించి చెప్పినప్పుడు మా వారిలో కొందరి ముఖాలు కూడా అలాగే మారాయి.

ఇప్పుడు, సేవ అంతా ఎర అన్న పాఠక మిత్రునికి. అలా చేసినవారు, చేసేవారు అసలే లేరని నేను అబద్ధమాడను. బియ్యం సంచి ఇచ్చే ముందు తల వంచమని, ఫొటో తీసుకోమని అడిగినవారిని నేనూ చూశాను, సిగ్గుపడ్డాను. అయితే మన తెలుగు నేల మీదనే జరిగిన ఒక సంగతి వినండి. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని, మన నిజాం రాజ్యాన్ని కూడా కలుపుకుని, మహా కరువు పీడించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకుని, వేల మందికి పనీ తిండీ దొరికేటట్టు చేశారు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, దేవుని కోసం వచ్చారో తెలియని చోట తొందరపడకూడదని ఆపారు. పంచిపెట్టడానికి తన దగ్గర ఏమీ లేని రోజు వచ్చిన తరువాతనే మొదలుపెట్టారు; 1878 జూలై 3న ఒక్కరోజే, గుండ్లకమ్మ ఒడ్డున, 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా వాళ్లు ఎప్పుడూ ఆ 2,222 అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన వద్దన్న నెలలే గొప్పవి.

మన దక్షిణ తెలంగాణకు వస్తే, పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే మెన్నోనైట్ దంపతులు నల్లగొండకు వచ్చారు. 1907లో అమెరికా నుంచి డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్ వచ్చి, పెళ్లి లేకుండా, ఈ ప్రాంతపు ఆడవాళ్ల కాన్పులూ జ్వరాలూ చూస్తూ దాదాపు నలభై ఏళ్లు పనిచేసి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. ఆమె మందు తాగినవారిలో ఎందరు క్రైస్తవులయ్యారో లెక్క తీస్తే, కానివారే ఎన్నో రెట్లు ఉంటారని నా నమ్మకం. ఎర వేసిన మనిషి, చేప పడని చెరువు దగ్గర నలభై ఏళ్లు కూర్చోడు.

ఇంకొక పేరు చెప్పక తప్పదు. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులు ఫిలిప్, తిమోతిలను 1999 జనవరి 22 రాత్రి దాటిన వేళ మనోహర్‌పూర్‌లో, వాళ్లు నిద్రిస్తున్న జీపులోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్, చంపినవారిని క్షమిస్తున్నానని చెప్పారు. చెప్పి విమానం ఎక్కి వెళ్లిపోలేదు. మిగిలిన ఒక్క కూతురితో బారిపదాలోనే ఉండి, 2004 దాకా అదే కుష్ఠు ఆశ్రమాన్ని నడిపించారు. ఆ క్షమాపణ చట్టాన్ని అడ్డుకోలేదు, దోషులకు కోర్టు శిక్ష వేసింది. ఆమె వదులుకున్నది తన మనసులోని బాకీని. ఇందులో ఆమెకు లాభం ఏమున్నదో నా పాఠక మిత్రుడు ఆలోచించాలని కోరుతున్నాను. విత్తన కానుకల గురించి చెప్పే సోదరులు కూడా ఆలోచించాలి, ఎందుకంటే నూరంతలు రాబడి అనే సిద్ధాంతంలో గ్లాడిస్ స్టెయిన్స్‌కు చోటు లేదు. ఆమె భర్త తన యౌవనమంతా విత్తాడు. ఆమె కోసింది మూడు శవపేటికలు. అయినా ఆమె మోసపోలేదని నేను నమ్ముతున్నాను. క్రైస్తవ విశ్వాసం నిజమా కాదా అన్నది నా మట్టుకు అక్కడ తేలుతుంది.

మాకు దగ్గరి సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయాన్ని మేము పెళ్లిళ్లలో చదువుతాం. ‘ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును’ అని వధూవరులకు వినిపిస్తాం. కానీ పౌలు దాన్ని పెళ్లి కోసం రాయలేదు. ప్రభువు బల్ల (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) దగ్గర కలిగినవారు ముందే తిని, లేనివారు ఆకలితో మిగిలిపోతున్న ఒక సంఘాన్ని గద్దించడానికి రాశాడు. ఆస్తి అంతా బీదలకు పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని కూడా అందులోనే అన్నాడు. ఆ అధ్యాయం చదివే పెళ్లి కుదరడానికి ముందు మనలో ఎంతమందిమి సంబంధం వచ్చిన ఇంటి కులం వాకబు చేయకుండా ఉన్నాం? ఒకే గిన్నెలోని ద్రాక్షారసం తాగి, ఒకే పాట పాడి, వియ్యం దగ్గరికి వచ్చేసరికి మీరెవరు, మేమెవరు అంటున్నాం. మమకారం అన్న మాటను నేను పైన ఎందుకు విడదీశానో ఇక్కడ చెప్పనక్కరలేదు.

మా ప్రాంతపు పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు మీ పత్రిక ద్వారా రెండు మనవులు చేసుకుంటున్నాను. కానుక ఎత్తేటప్పుడు తిరిగి వచ్చేదాని గురించి ఒక్క మాట కూడా చెప్పకండి. ఆ డబ్బు ఎవరి ఆకలికి, ఎవరి మందులకు పోతున్నదో మాత్రం చెప్పండి. సహాయం తీసుకునే చేతిని ఫొటో తీయకండి. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు, సెల్‌ఫోనుకు తెలియవచ్చునని అనలేదు.

మా అమ్మ కాలంలో పిడికెడు బియ్యం కానుక ఉండేది. పూటకు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసేవారు. మా ఇంట్లో అది మూత పోయిన ఒక డాల్డా డబ్బా, పైన గుడ్డ కట్టి ఉండేది. ఆదివారం నాడు ఆడవాళ్లంతా ఆ బియ్యం తెచ్చి మందిరం మూలనున్న గోనె సంచిలో పోసేవారు. ఎవరిది సన్నబియ్యమో, ఎవరిది దొడ్డుబియ్యమో, ఎవరిది రేషను బియ్యమో అందులో పడ్డాక తెలిసేది కాదు. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వారింటికి చీకటి పడ్డాక పోయేది. కొన్ని వారాలు అది మా ఇంటికే వచ్చిందని అమ్మ పోయాక మా మేనత్త చెబితే తెలిసింది. ఇచ్చిన వారం కూడా, తీసుకున్న వారం కూడా అమ్మ పిడికెడు తీయడం మానలేదట.

మా మందిరంలో ఇప్పుడు పదకొండు ఫ్యాన్లున్నాయి. ప్రతి ఫ్యాను రెక్క మీద దాత పేరు ఎర్ర రంగుతో రాసి ఉన్నది. ఉద్యోగ విరమణ చేసిన ఏడు నేను ఇచ్చినది ప్రసంగ వేదికకు కుడివైపున ఉన్నది. ఎండాకాలం కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడల్లా అందరికీ నా పేరు చదవవస్తుంది. పెద్దల అనుమతి తీసుకుని, గడిచిన శనివారం నిచ్చెన వేయించి, దాని మూడు రెక్కలకూ తెల్ల రంగు పూయించాను. మిగిలిన పది ఫ్యాన్ల సంగతి ఆయా దాతల ఇష్టం.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.